ఏడో నక్క

ఆ ఉదయం ఆమె పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. అడవి నుంచి తిరిగొచ్చిన భర్తకు ఇంత టిఫిను పెట్టి ల్యాబుకు పంపడం, ఏడాది నిండిన బుజ్జిగాడికి నీళ్ళు పోయడం, వాడు పడుకుంటే ఉతికిన బట్టలు మడతపెట్టుకోవడం. బుజ్జిగాడి డైపరు విప్పేదాకా అంతా సవ్యంగానే ఉంది. లోపల నల్లటి, సన్నటి పోగులు, దారపు ముక్కల్లా మెలికలు తిరిగి ఉన్నాయి.

పురుగులు!

డాక్టరు దగ్గరికి పరిగెత్తే ధైర్యం లేదు. "అమ్మా, బాబు తుమ్మినా ఆవులించినా ఎత్తుకొచ్చేస్తే నేనేం చెయ్యను? నెల్లాళ్ళదాకా నాకు కనబడకు," అని మొన్ననే ఆయన దండం పెట్టేశాడు. భర్తకు చెబితే నవ్విపారేస్తాడు. కానీ అతని ఐసుపెట్టె గుమ్మం పక్కనే ఉంది.

అడవి జంతువుల పెంట ఏరుకొచ్చి ల్యాబులో అప్పగించడం అతని ఉద్యోగం. ఆ జంతువుల కడుపులో ఏ జాతి ఏలికపాములున్నాయో అక్కడ తేలుస్తారు. "చూడ్డానికన్నీ ఒకేలా ఉంటాయే. చిన్న ముక్క ఇస్తే చాలు, మైటోకాండ్రియా డీఎన్ఏ తీసి దాని జాతకమంతా చెప్పేస్తారు మా మేడమ్," అని అతను అన్నం తినేటప్పుడు కూడా చెబుతుంటాడు. తొమ్మిదో తరగతిలోనే చదువాగిపోయిన ఆమెకు మైటోకాండ్రియా ఏమిటో తెలియదు. జాతకం సంగతి మాత్రం బాగా నచ్చింది. జాతి తెలిస్తేనే కదా మందు తెలిసేది!

అతను స్నానాల గదిలో ఉండగా పెట్టె తెరిచింది. స్పిరిటు పోసిన సీసాల్లో ఒకదాంట్లో ఇంకా పెంట వెయ్యలేదు. దాని మీద 'నక్క 7' అని ముందే చీటీ అంటించి ఉంది. పోగులను వేళ్ళతోనే తీసి అందులో వేసి మూత బిగించింది. అతను టిఫినుకు కూర్చున్నాక చెబుదామనుకుంది. అంతలో వీధిలో జీపు హారను మోగడం, అతను నోట్లో ముద్దతోనే పెట్టె పట్టుకుని ఉరకడం జరిగిపోయాయి.

సాయంత్రం అతను ఈల వేసుకుంటూ వచ్చాడు.

"ఏమే, ఏడో నక్క మన పంట పండించింది!"

"ఏ... ఏడో నక్కా?"

"దాంట్లో ఎవరూ ఎప్పుడూ చూడని పురుగు దొరికింది! తలా లేదు, తోకా లేదు. కొత్తజాతేనంటున్నారు. మేడమ్ నేలమీద లేరనుకో. నా ఉద్యోగం పర్మనెంటు చేయిస్తామన్నారు."

"అది... ప్రమాదమా అండీ?"

"ఎవరికి, నక్కకా? పాపం, దాని పని అయిపోయినట్టే!"

ఆమె బిడ్డ వంక చూసింది. పని అయిపోయిన బుజ్జిగాడు మాత్రం చెంచాతో గిన్నె వాయిస్తున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే మొగుడి ఉద్యోగం పోతుంది. విప్పకపోతే బిడ్డ ఏమవుతాడో! జాతి తేలేదాకా ఆగుదామని గుండె రాయి చేసుకుంది. ఆ వారమంతా గంటకోసారి వాడి పొట్టకు చెవి ఆనించి వింటూనే ఉంది. చక్కిలిగిలి పెట్టే ఆటనుకుని వాడు పకపకా నవ్వేవాడు.

వారం తర్వాత అతను మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"నక్కలో మనిషి డీఎన్ఏ వచ్చిందే. గ్లౌజులు లేకుండా ఎవరో చెయ్యి పెట్టారని మేడమ్ మండిపడుతున్నారు. పెట్టె మోసింది నేనేగా! అందరి బుగ్గల్లోనూ దూది తిప్పి పరీక్ష చేశారు. నాతో కలవలేదు. అసలు అక్కడ ఎవరితోనూ కలవలేదు. బయటి దొంగెవడో దూరాడట. రేపటికల్లా వాణ్ణి తెచ్చి చూపించాలి, లేదా నేను ఇంట్లో కూర్చోవాలి."

మర్నాడు దొంగ తనంతట తానే ల్యాబుకు వెళ్ళింది, చంకలో బుజ్జిగాడితో.

"ఆ నక్క వీడే మేడమ్," అంది. డైపరు దగ్గర్నుంచి హారను దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "ఆయన తప్పేం లేదు. నన్నేమన్నా అనండి, వీడికి మాత్రం మందు చెప్పండి."

మేడమ్ ఆమె బుగ్గలో దూది తిప్పింది. మర్నాడు ముగ్గురూ మళ్ళీ ల్యాబులో ఉండగా ఫలితం వచ్చింది. అక్షరం పొల్లుపోకుండా కలిసింది.

"బాబుదైతే మరి నాతో కలవలేదేం?" అంటూ భర్త కొడుకు వంకా, భార్య వంకా చూశాడు. ఆ చూపుకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఏంటండీ ఆ చూపు?"

"ఇన్నేళ్ళుగా ఈ సీసాలు మోస్తున్నావు, ఇంత కూడా తెలీదా?" మేడమ్ కసిరింది. "ఈ మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. నువ్వు తలకిందులుగా తపస్సు చేసినా బిడ్డకు నీది రాదు. సీసాలో ఉన్నది ఆవిడ వేలిదో, బాబుదో కూడా చెప్పలేం. రెండూ ఒకటే." తర్వాత ఆమె వైపు తిరిగింది. "మనిషిది సరే, పురుగుది ఏ కొంచెమూ రాలేదు. ముందురోజు బాబేం తిన్నాడమ్మా?"

"అరటిపండు మేడమ్. పట్టుకున్నాడంటే వదలడు."

మేడమ్ మైక్రోస్కోపులో మరోసారి తొంగి చూసింది. చూస్తూ చూస్తూ భుజాలు అదిరేలా నవ్వింది.

"అరటిపండు పీచమ్మా ఇది! పసివాళ్ళ కడుపులో నల్లబడి ఇలా బయటికొస్తుంది. మీ వాడికి ఏ పురుగూ లేదు."

ఆమె అక్కడే కూలబడి బిడ్డను ముద్దులతో ముంచెత్తింది. వారం రోజుల ఏడుపంతా అప్పుడొచ్చింది. "తప్పయిపోయింది మేడమ్," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"తప్పా? ఎల్లుండి పత్రికకు రాసి పంపేదాన్ని! అరటిపండు పీచుకు మా గురువుగారి పేరు పెట్టి నలుగురిలో నవ్వులపాలయ్యేదాన్ని. నువ్వొచ్చి నా పరువు కాపాడావు." మేడమ్ అతని వైపు చూసి, "ఉద్యోగం సంగతి నేను మాట్లాడతాలే. ఇకమీదట మాత్రం పెట్టెకు తాళం వెయ్యి," అంది.

టీ తెప్పించారు. బుజ్జిగాడు ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి మారుతూ ల్యాబంతా చుట్టొచ్చాడు. నిజంగా పురుగులున్న నక్కల సంగతి మాత్రం ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.