బుగ్గల మీద జిగురు

ఆ ఉదయం చిన్నక్క మొహం మీద రెండు పనులు ఒకేసారి జరగాలి. నుదురూ ముక్కూ జిడ్డు వదలాలి, బుగ్గలు తడి పట్టాలి. చర్మాల డాక్టరు దీన్ని మిశ్రమ చర్మం అన్నాడు. "అంటే ఒకే మొహంలో వేరు కాపురాలన్నమాట," అని ఆవిడ భర్త తేల్చేశాడు.

చిన్నక్కకు మాత్రం అది నవ్వులాట కాదు. ఆవిడ పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. కొత్త ఫ్రేము పెట్టుకుని చూపించబోతే అది జిడ్డు ముక్కు మీంచి జారుడుబల్ల ఆడుతుంది. బుగ్గలేమో పెచ్చులూడిన గోడలు. దుకాణం ఇప్పుడు కొత్త శాఖ తెరుస్తోంది. పోస్టరుకి ఆ రోజే ఫొటో. పోస్టరులో ఎవరుంటే శాఖ బాధ్యత వాళ్ళదేనని యజమానురాలు ముందే చెప్పేశారు. ఇవాళ ఈ మొహమో నేనో తేలిపోవాలని చిన్నక్క నడుం బిగించింది.

లేస్తూనే నుదుటికీ ముక్కుకీ మట్టి పూత వేసింది. డబ్బాలోని తెల్లటి క్రీము బుగ్గలకు దట్టంగా పట్టించింది. ఆరేదాకా పెదవి కదపకూడదు. వంటగదిలో కుర్చీ వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. కాసేపటికి బుగ్గలు బిగుసుకోవడం మొదలైంది. మంచి క్రీము, పని చేస్తోంది అనుకుంది.

అత్తగారు వచ్చారు. "టీ పెట్టనా అమ్మాయ్?"

చిన్నక్క గోడకేసే చూస్తోంది.

"నా మీద కోపమా?"

కాదన్నట్టు చిన్నక్క చెయ్యి ఊపింది. వెళ్ళిపొమ్మంటోందని అత్తగారికి అర్థమైంది. ఆవిడ గబగబా ముందు గదిలోకి వెళ్ళారు. అక్కడ కొడుకు పుస్తకాలకు అట్టలు అతికిస్తున్నాడు. అతని వృత్తి బైండింగు.

"నీ పెళ్ళాం నాతో మాట్లాడటం లేదురా. తెలిసిపోయినట్టుంది."

"ఏం తెలిసిపోయింది?"

"మడమలు పగిలాయని దాని క్రీము రోజూ కాస్త కాస్త రాసుకున్నాను. డబ్బా అడుగంటింది. ఖాళీగా ఉంటే ఏం బావుంటుందని నీ మైదా జిగురు నింపి పెట్టాను."

గుసగుసే అయినా అది వంటగది దాకా వచ్చింది. చిన్నక్క దిగ్గున లేచింది. అత్తగారిని ఏమైనా అనాలంటే నోరు తెరవాలి. నోరు తెరుచుకునే స్థితిలో లేదు. ఆ సమయంలోనే ఫోను మోగింది. యజమానురాలు. తియ్యకపోతే అవకాశం పోతుంది.

"ఫొటో కాస్త ముందే తీసేద్దామా?" అని అడిగారావిడ.

"ఊఁ."

"దుకాణమంతా దుమ్ముగా ఉంది. మీ ఇంట్లోనే తీద్దామా?"

ఊఁహూఁ, ఇప్పుడు వద్దు అనబోయింది చిన్నక్క. మొదటి 'ఊఁ' బయటికి వచ్చింది, మిగతాది జిగురు మింగేసింది. "ఊఁ అంటే రమ్మనేగా? మంచిది, మీ వీధి మలుపులోనే ఉన్నాం," అని ఫోను పెట్టేశారు.

చిన్నక్క స్నానాలగదికి పరుగెత్తింది. మట్టి ఇట్టే పోయింది. జిగురు మాత్రం నీళ్ళు తగలగానే కొత్త ప్రాణం పోసుకుంది. తుడుద్దామని తువ్వాలు అద్దితే దాని నూలు కూడా బుగ్గలకు అంటుకుంది.

"రుద్దకు. జిగురు సంగతి నాకు తెలుసు, నానాలి," అన్నాడు భర్త, గుమ్మంలోంచి. "మా పుస్తకాలకైతే ఓ పూట నానబెడతాం."

వీధి తలుపు చప్పుడైంది.

యజమానురాలూ ఫొటోగ్రాఫరూ ఫ్రేముల పెట్టెతో లోపలికి వచ్చి, చిన్నక్కను చూసి, నిలబడిపోయారు. మెరిసే ముక్కుకి రెండు వైపులా తెల్లటి గడ్డం మొలిచినట్టుంది.

"ఒంట్లో బాగా లేకపోతే చెప్పాలి కదమ్మా," అన్నారు యజమానురాలు. "పోనీలెండి, ఇంకొకరిని చూసుకుంటాను."

ఆ మాటతో చిన్నక్కకు ఎక్కడలేని పట్టుదల వచ్చింది. నోటి పక్కన వేలాడుతున్న పొరను ఒక్క లాగు లాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ నోరు తెరుచుకుంది.

"ఒంటికేం కాలేదు మేడమ్. ఫ్రేముల పెట్టె ఇలా ఇవ్వండి. అత్తయ్యా, కిటికీ దగ్గర కూర్చోండి."

"నేనెందుకే?"

"కూర్చోండి. ఇవాళ మీరు నా మాట కాదనలేరు."

అత్తగారు కిక్కురుమనకుండా కూర్చున్నారు. చిన్నక్క ఆవిడ మొహం కాసేపు పరీక్షగా చూసి, నాలుగు ఫ్రేములు పక్కన పెట్టి ఐదోది తీసింది. ముక్కు దగ్గరి మెత్తలు కాస్త దగ్గరికి జరిపింది. చెవి వెనక కాడ వంచింది. "ఇప్పుడు వంగి చూడండి. జారుతోందా? జారదు." చెబుతుండగానే బుగ్గ మీంచి ఓ పెచ్చు ఊడి అద్దం మీద పడింది. దాన్ని ఊది, తుడిచి, మాట ఆపకుండా ముందుకు సాగింది.

"అక్కా, నాదీ ఎప్పుడూ జారుతుంది," అన్నాడు ఫొటోగ్రాఫరు. కెమెరా పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. తనకొకటి, తమ్ముడికొకటి కావాలని చెప్పి మరీ లేచాడు.

యజమానురాలు ఇదంతా చివరిదాకా చూశారు. తర్వాత అన్నారు. "ఈ మొహంతోనే ఇంత అమ్మారంటే, మామూలు మొహంతో ఎంత అమ్ముతారో. శాఖ మీరే చూసుకోండమ్మా. పోస్టరు మాత్రం మీ అత్తగారిది."

చిన్నక్క నవ్వబోయింది. రెండో బుగ్గ ఒప్పుకోలేదు.

పోస్టరు గోడకెక్కిన నాటి నుంచి అత్తగారు ఎండలోకి రావడం మానేశారు, చర్మం పాడవుతుందట.