మేనేజరు గారి వాకబు

ఆ శుక్రవారం ఉదయం సత్యకుమారి పెట్టుకున్న పని ఒక్కటే, బూడిద గుమ్మడికాయ వడియాలు. పిండి రుబ్బడం అయింది. డాబా మీద పాత చీర పరిచింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇంత శుభ్రంగా ఉందంటే మధ్యాహ్నానికి ఏదో ముంచుకొస్తుందని ఆమె అప్పటికే దిగులుపడుతోంది. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి కొడుకు వినయ్ ఫోన్ చేశాడు.

"అమ్మా, నాన్న ఫోన్ ఎత్తట్లేదు. కొట్టు గది కోసం దాచిన డబ్బు మ్యూచువల్ ఫండులో వేశాంగా, అది ఈమధ్య వెనకబడుతోంది. ఒకసారి చూసుకోవాలని చెప్పు."

సత్యకుమారి చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఆమె భర్త వెంకటరత్నం స్టీలు సామాన్ల కొట్టు పెళ్ళికి ముందు నుంచీ అద్దె గదిలోనే ఉంది. గది యజమాని దొరబాబు దాన్ని అమ్మేస్తానంటున్నాడు. దీపావళిలోపు మీరు కొనకపోతే బయటివాళ్ళకి ఇచ్చేస్తానని కబురు కూడా పెట్టాడు. ఆ డబ్బుకి ఏమైనా అయితే కొట్టు ఉండదు. కొట్టు లేకపోతే ఆయన పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్తాడు? ఎక్కడికీ వెళ్ళకపోతే బీపీ. బీపీ వస్తే కాకినాడ ఆసుపత్రి. ఆమె మనసు క్షణంలో కాకినాడ దాకా వెళ్ళొచ్చింది.

"వెనకబడటమంటే ఏంట్రా? పోయిందా?"

"పోలేదమ్మా! మిగతా ఫండ్లతో పోల్చి చూడాలి. అంతకంటే ముఖ్యం మేనేజర్. ఎన్నాళ్ళ నుంచి ఉన్నాడు, ఇంకా ఉంటాడా, కింద పడ్డప్పుడు ఎలా నిలబడ్డాడు, అవన్నీ చూడాలి."

"కింద పడ్డాడా?"

"మార్కెట్టమ్మా! సరే, నాకు మీటింగుంది. నాన్నకి చెప్పు చాలు. నువ్వేం చెయ్యకు."

ఏం చెయ్యకుండా ఎలా ఉంటుంది? వాళ్ళ ఇళ్ళల్లో వాకబు చెయ్యకుండా పిల్లనివ్వరు, అరువు ఇవ్వరు, చివరికి వెనక వాటా అద్దెకి కూడా ఇవ్వరు. అలాంటిది ఇంత డబ్బు చేతిలో పెట్టి, ఆ మేనేజరు నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో కూడా ఇంట్లో ఎవరూ చూడలేదు. సత్యకుమారి పిండి మీద మూత పెట్టి, డబ్బాలో నాలుగు సున్నుండలు సర్దుకుని ఆటో ఎక్కింది.

దానవాయిపేటలో ఫండు వాళ్ళ ఆఫీసు. బల్ల మీద 'ఉదయభాస్కర్, మేనేజర్' అని పలక ఉంది. మెయిన్ రోడ్డు కొట్లవాళ్ళంతా ఈయన చేతి మీదుగానే ఫండులో వేశారు. పలక వెనక మనిషి కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకున్నాడు. సత్యకుమారి ఆ కట్టు వైపే చూసింది.

"కింద పడ్డారటగా బాబూ?"

"మీ దాకా వచ్చిందా అండీ? పుష్కర ఘాట్ మెట్ల మీద జారానండి. ఇంకా సరిగ్గా నిలబడలేకపోతున్నాను."

వినయ్ అడిగిన మూడు ప్రశ్నల్లో ఒకదానికి సమాధానం దొరికింది. ఆమె సున్నుండల డబ్బా ముందుకు జరిపి, గొంతు తగ్గించి రెండోది అడిగింది. "ఇంకెన్నాళ్ళుంటారు?"

ఉదయభాస్కర్ నిట్టూర్చాడు. "మన చేతిలో ఏముందండి? అంతా పైవాళ్ళ దయ. ఏ క్షణాన పిలుపొస్తుందో తెలీదు. వెళ్ళమంటే వెళ్ళిపోవాలి."

"ఇంట్లో చెప్పారా మరి?"

"చెప్పానండి. మా ఆవిడైతే, వెళ్తే అందరం కలిసే వెళ్ళిపోదాం అంటోంది."

సత్యకుమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అంత మాట అనకూడదు బాబూ. పిల్లలున్నవాళ్ళు," అని, మూడో ప్రశ్న అడిగే ధైర్యం లేక బయటపడింది. పాపం, తన బదిలీ గురించి ఇంత బాధపడిన ఖాతాదారుని ఉదయభాస్కర్ అదివరకు చూడలేదు.

ఇంటికి రాగానే కింద వాటాలో ఉండే శ్రీదుర్గ ఎదురైంది. "ఏంటి పిన్నిగారూ, ముఖం అలా ఉంది?"

"ఎవరితోనూ అనకమ్మా. మన ఫండు మేనేజరు గారికి పైనుంచి పిలుపొచ్చేలా ఉంది. ఎక్కువ రోజులు ఉండరట. ఆ ఇల్లాలు అందరం కలిసే పోదాం అంటోందట."

శ్రీదుర్గ ఎవరితోనూ అనలేదు. లలితా పారాయణం గ్రూపులో వాయిస్ మెసేజ్ మాత్రం పెట్టింది. ఆ గ్రూపులో మెయిన్ రోడ్డు కొట్లవాళ్ళ ఆడవాళ్ళంతా ఉన్నారు. భోజనాల వేళకి కబురు రెండుగా చీలింది. బట్టల కొట్ల వైపు మేనేజరు పోయాడన్నారు. కిరాణా వైపు, కుటుంబంతో సహా ఉడాయించాడన్నారు. ఏది నిజమైనా చెయ్యాల్సిన పని ఒక్కటే కాబట్టి అందరూ దానవాయిపేటకి బయల్దేరారు.

అందరికంటే ముందు, సొంతిల్లు కోసం అదే ఫండులో డబ్బు వేసిన దొరబాబు వచ్చాడు. ఒక చేతిలో బంతిపూల దండ, రెండో చేతిలో పాన్ కార్డు. ఉదయభాస్కర్ ఆ దండ చూసి కదిలిపోయాడు.

"ఇప్పుడే ఎందుకండీ? బదిలీ ఆర్డరు ఇంకా రాలేదు."

"నువ్వు ఉన్నావా!" అన్నాడు దొరబాబు. దండ ఆయన మెడలోనే వేసి, "సరే, ఎలాగూ వచ్చాను, నా డబ్బు తీసిచ్చెయ్యి," అన్నాడు. వెనక వరుసలో ఉన్నవాళ్ళు దండతో ఉన్న మనిషిని చూసి మరింత తొందరపెట్టారు.

సాయంత్రం వెంకటరత్నం కొట్టు మూయకుండానే ఇంటికొచ్చాడు. అదే సమయానికి, సంగతి తెలిసి వినయ్ ఫోను. స్పీకరులో కేకలు వీధి దాకా వినిపించాయి.

"అమ్మా, ఆయన మన ఊరి ఆఫీసుకి మేనేజర్! డబ్బు నడిపేది ఆయన కాదు. ఫండు మేనేజర్ ముంబైలో ఉంటాడు!"

"మరి ఆ ముంబై అబ్బాయి ఎలా ఉన్నాడు? ఆరోగ్యం అదీ..."

"గుండ్రాయిలా ఉన్నాడు! ఆయన ఎక్కడికీ పోడు!"

"విన్నావా?" అన్నాడు వెంకటరత్నం. "పద. వెళ్ళి ఆ ఉదయభాస్కర్‌కి క్షమాపణ చెప్పు. రేపట్నుంచి బజార్లో నా ముఖం ఎలా చూపించను?"

ఆఫీసులో ఉదయభాస్కర్ వాడిన దండ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. "అందరూ డబ్బు తీసెయ్యమని కాగితాలిచ్చేశారండి. ఈ దెబ్బతో బదిలీ కాదు, ఉద్యోగమే పోయేలా ఉంది. మీరూ తీసేస్తారా?"

సత్యకుమారి సిగ్గుతో చచ్చిపోయింది. పొద్దున్నించీ తియ్యమనే ఆమె మనసు పోరుతోంది. అయినా, "మా డబ్బు మాత్రం కదపం బాబూ. నా వల్ల జరిగింది, నేనే నిలబడతాను," అంది. వెంకటరత్నం పెళ్ళయ్యాక మొదటిసారి భార్యని మెచ్చుకోలుగా చూశాడు. ఇంటికొచ్చేసరికి జల్లు పడుతోంది. పరిచిన చీర డాబా మీద తడిసి ముద్దయింది, పిండి పులిసిపోయింది.

నెల తిరక్కుండా ముంబైలో గుండ్రాయిలాంటి మేనేజరు ఉన్నట్టుండి రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. ఆయన మనసుపడి కొన్న షేర్లన్నీ వరసగా కూలాయి. మెయిన్ రోడ్డు మొత్తంలో ఆ ఫండులో మిగిలింది సత్యకుమారి వాళ్ళే. దాచిన దాంట్లో నాలుగో వంతు ఆవిరైపోయింది. వినయ్ రెండు రోజులు ఫోన్ చెయ్యలేదు. మూడోరోజు చేసి, "అన్నం తిన్నావా?" అని మాత్రం అడిగాడు.

ఆ ఆదివారం దొరబాబు కాజాల పెట్టెతో దిగాడు. గది అమ్మేశానని చెప్పడానికే వచ్చాడనుకుని సత్యకుమారి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"చెల్లెమ్మా, నీ నోటి చలవ వల్ల నా సొమ్ము దక్కింది. ఫండు వెనకబడుతోంటే ఇల్లు కట్టడానికి చాలదేమోనని గది అమ్ముదామనుకున్నాను. తీసి లెక్కేస్తే సరిపోయింది, ఇక ఆ అవసరం లేదు. మీరు తీరిగ్గా, వీలైనప్పుడే కొనుక్కోండి. బయటివాళ్ళకి మాత్రం ఇవ్వను."

సత్యకుమారి అక్కడే కూలబడి కళ్ళొత్తుకుంది. దొరబాబు కుర్చీ దగ్గరికి లాక్కుని ఫోన్ తీశాడు.

"ఇల్లు మొదలుపెట్టే దాకా వెయ్యడానికి ఇంకో ఫండు చూస్తున్నానమ్మా. ఇదిగో, దీని మేనేజరు. కాస్త చూసి చెప్పు, ఎన్నాళ్ళుంటాడో."

ఆమె ఫొటోని వేళ్ళతో పెద్దది చేసింది. "కళ్ళ కింద నలుపు చూశారా అన్నయ్యగారూ? ఈ అబ్బాయికి నిద్ర లేదు. మెడ కూడా కాస్త వాచినట్టుంది..."

గుమ్మంలో శ్రీదుర్గ అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకుంది.

వెంకటరత్నం పేపరు మడిచి పక్కన పెట్టాడు. "చూసిందంతా చెప్పెయ్యి," అన్నాడు. "సాయంత్రం వెళ్ళి క్షమాపణ మాత్రం చెప్పకు."