కప్పు లేని షెడ్డు, దిగని విమానం

ఆ బుధవారం పొద్దున నాచారం ఫ్యాక్టరీ మేనేజరు జనార్ధనరావు వేసుకున్న పథకం ఇది. యజమాని పట్టాభిరామయ్య బొంబాయి నుంచి కంపెనీ సొంత విమానంలో వచ్చి బేగంపేటలో దిగుతారు. కారులో నాచారం వస్తారు. పాత షెడ్డు చూస్తారు. కొత్త షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి తాళంచెవి కనిపించదు. వెతుకుతుండగా భోజనం వేళ అవుతుంది. భోంచేసి వెళ్ళిపోతారు.

కొత్త షెడ్డుకు పైకప్పు లేదు. కప్పు వేయడం పూర్తయిందని జనార్ధనరావు కిందటి నెల ఫోనులో బొంబాయికి చెప్పాడు. రేకులు ఆ వారంలోనే పంపిస్తానన్న వ్యాపారి పంపలేదు. ముందు గోడ ఎత్తుగా ఉంది కనుక రోడ్డు మీద నుంచి సంగతి తెలియదు. పట్టాభిరామయ్య పని ఆలస్యమైతే తిట్టేవారు. అబద్ధమాడితే ఉద్యోగం తీసేసేవారు. ఇంతకు ముందున్న మేనేజరు అలాగే పోయాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయడానికి ఆయనకు సాయంత్రం దాకా గడువిచ్చారు.

భోజనానికి ఇంకా వేళ ఉందనగా బేగంపేట నుంచి ఫోను వచ్చింది. కారు తీసుకుని వెళ్ళిన గుమాస్తా ఉమామహేశ్వర్.

"సార్, మన విమానం వచ్చింది గానీ దిగనిస్తలేరు. ఢిల్లీ నుంచి మంత్రి విమానం వస్తున్నదట. ముందు అది దిగాలె. తర్వాత ప్యాసింజర్ల సర్వీసు విమానాలు. సొంత విమానాలది ఆఖరి నంబరు."

"అందాకా ఏం చేస్తుంది?"

"గాల్లనే తిరగమన్నరు సార్."

"ఎక్కడ?"

"తూర్పు దిక్కుకు. ఉప్పల్, నాచారం మీద."

జనార్ధనరావు ఫోను పెట్టలేదు. అది చేతిలోంచి జారింది. అతను బయటికి పరుగెత్తేసరికి రెండు ఇంజన్ల విమానం మల్లాపూర్ వైపు నుంచి వచ్చి, ఫ్యాక్టరీ మీదుగా ఉప్పల్ దాకా వెళ్ళి, పక్కకు వంగి మళ్ళీ ఇటే తిరిగింది.

"నర్సయ్యా! షెడ్డు కప్పించు!"

ఫోర్‌మన్ నర్సయ్య పైకి చూశాడు, కిందికి చూశాడు. "ఏంతోటి కప్పాలె సార్?"

"దేనితోనైనా!"

లారీల మీది టార్పాలిన్లు విప్పి తెచ్చారు. ఒక మూలకు సరిపోయాయి. స్టోర్‌కీపర్ జోసఫ్ ముందుకొచ్చాడు. "మా చర్చి షామియానా ఉన్నది సార్. పొద్దుమీకి మీటింగున్నది, జర జల్ది వాపస్ ఇయ్యాలె."

"ఏం రంగు?"

"ఎరుపు, పసుపు పట్టీలు."

"ఆ రంగు రేకులు ఎక్కడైనా చూశావా?"

"గంత మీదికెళ్ళి సూస్తే ఏమెరుకయితది సార్? పెయింటేసిన్రనుకుంటడు."

మనుషులు ఇనుప దూలాలెక్కారు. విమానం తలమీదికి వచ్చినప్పుడల్లా జనార్ధనరావు "ఎవరూ కదలకండి!" అని అరిచి గోడకు అతుక్కునేవాడు. దూలాల మీదివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయేవారు.

"కదలకుంటే కప్పుడెట్ల సార్?" నర్సయ్య పైనుంచి అడిగాడు. "ఆయనకు మేం గాదు, బొక్క కనవడుతది."

షామియానా సగం ఎక్కింది. గాలి వచ్చింది. తాడు పట్టుకున్న జోసఫ్ జానెడు పైకి లేచాడు. ముగ్గురు అతని కాళ్ళు పట్టుకుని లాగారు. "నా కాళ్ళు ఇడువున్రి, తాడు పట్టున్రి! చినిగితే పాస్టరుగారు నన్ను బతకనియ్యడు!"

షామియానా చూసి రోడ్డు మీద జనం ఆగారు. పెండ్లి ఎవరిదని కొందరు అడిగారు. ఒకరిద్దరు అడగకుండానే లోపలికి వచ్చి కూర్చున్నారు. జనార్ధనరావు గేటు వేయించి, ఎవరొచ్చినా తీయవద్దన్నాడు.

కొంతసేపటికి వాచ్‌మన్ కనకరాజు వచ్చాడు. "సార్, టాక్సీల ఎవరో పెద్దమనిషి దిగిండు. లోపటికొస్తనంటుండు."

"పెళ్ళి లేదని చెప్పు. పంపించెయ్!"

"నన్నేనా?" కనకరాజు వెనకే గేటు చిన్న తలుపులోంచి వచ్చేసిన పట్టాభిరామయ్య అన్నారు.

జనార్ధనరావు ఆయనను చూశాడు. ఆకాశంలో విమానాన్ని చూశాడు. మళ్ళీ ఆయనను చూశాడు.

"అందులో పైలట్ ఒక్కడే," అన్నారు పట్టాభిరామయ్య. "సొంత విమానాన్ని ఎప్పుడు దిగనిస్తారో చెప్పలేమని బొంబాయిలోనే అన్నారు. సర్వీసు విమానంలో సీటు తీసుకున్నాను. తిరిగి వెళ్ళడానికని దాన్ని వెనక రమ్మన్నాను. మీ కారు నాకు కనబడలేదు."

కారు సొంత విమానాలు ఆగే చోట ఎదురుచూస్తోంది.

ఆయన షెడ్డులోకి నడిచారు. తలెత్తారు. దూలాల మీద మనుషులు, ఎరుపు పసుపు గుడ్డ, మిగిలిన చోట ఆకాశం. జనార్ధనరావుకు క్వార్టరు గుర్తొచ్చింది.

"సార్, పైకప్పు..." అని మొదలుపెట్టాడు.

"విప్పేశారా!" అన్నారు పట్టాభిరామయ్య. "జర్మనీ మెషీను తలుపులో పట్టదు, క్రేనుతో పైనుంచి దింపాలి. కప్పు విప్పమని చెప్పడానికే వచ్చాను. మీకెలా తెలిసింది?"

"ఇంతసేపు గీ షెడ్డు మీదనే ఉన్నం సార్!" అని నర్సయ్య దూలం మీద నుంచి అన్నాడు.

"ఎండ పడకుండా గుడ్డ కూడా కట్టిస్తున్నారు. మేనేజరంటే ఇలా ఉండాలి." ఆయన జనార్ధనరావు భుజం తట్టారు. "మరి రేకులు? దించేటప్పుడు పగిలాయా?"

"ఒక్కటి గూడ పగల్లే సార్," అన్నాడు నర్సయ్య.

"మంచిది. మెషీను దిగాక అవే మళ్ళీ ఎక్కిద్దాం. భోజనం కాగానే నాకు చూపించండి."

ఆ పూట జనార్ధనరావు మూడుసార్లు మజ్జిగ పోయించుకున్నాడు.