జవాబు చెప్పని గది

ఆ రోజు పొద్దున కోఆర్డినేటరమ్మ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. పది గంటలకు దాతగారు వస్తారు. మెయిన్ గేటు దగ్గర డీన్‌గారు పూలగుత్తి ఇస్తారు. తరవాత ఆమె ఆయన్ని లైబ్రరీ నేలమాళిగలో ఉన్న చదువు సాయ కేంద్రానికి తీసుకెళ్తుంది. లెక్కల్లోనో, వ్యాసాలు రాయడంలోనో వెనకబడిన విద్యార్థులకు అక్కడ ట్యూటర్లు ఉచితంగా సాయం చేస్తుంటారు. అది చూసి దాతగారు ముచ్చటపడి, కేంద్రాన్ని పై అంతస్తుకు కూడా పెంచడానికి ఒప్పుకుంటారు. ఇదంతా ఆమె అద్దం ముందు నిలబడి మళ్లీ మళ్లీ మననం చేసుకుంది.

కారణం లేకపోలేదు. యూనివర్సిటీ ఇస్తున్న నిధులు ఈ నెలతో ఆఖరు. దాతగారు సరేనంటే కేంద్రం పెరుగుతుంది, కాదంటే మూతపడుతుంది. ఆమె ఉద్యోగం, అక్కడే లెక్కల ట్యూటరుగా ఉన్న ఆమె మరిది ఉద్యోగం ఒకే రోజున పోతాయి. ఈ సంగతి ఇంట్లో అత్తగారికి ఇంకా తెలియదు. బయల్దేరేటప్పుడు ఆవిడ "ముఖం అలా వాడిపోయిందేమిటమ్మా?" అని అడిగితే "ఎండ అత్తయ్యా" అంది. అప్పటికి ఎండ ఇంకా రాలేదు.

కేంద్రానికి ఒక పద్ధతి ఉంది. అది ఆమె పెట్టిందే. ట్యూటరు జవాబు చెప్పకూడదు. విద్యార్థి ఏమడిగినా తిరిగి ఒక ప్రశ్న వేసి, ఆ జవాబేదో విద్యార్థి చేతే చెప్పించాలి. కిందటిసారి తనిఖీకి వచ్చినవాళ్ల కళ్లెదుటే ఒక ట్యూటరు జాలిపడి ఒక కుర్రాడి వ్యాసమంతా తానే రాసిపెట్టాడు. ఆ అవమానం ఆమెకు ఇప్పటికీ తాజాగానే ఉంది. అందుకే గేటు దగ్గరికి వెళ్లే ముందు ట్యూటర్లందరినీ నిలబెట్టి మరోసారి చెప్పింది.

"ఈ రోజు ఏమైనా సరే, పద్ధతి తప్పొద్దు. ఎవరేమడిగినా జవాబు చెప్పొద్దు."

"ఎవరడిగినానా వదినా?" అన్నాడు మరిది.

"ఎవరడిగినా."

మరిది బుద్ధిగా తలూపాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. ఒకసారి పాలు పొంగితే చెప్పమని పొయ్యి దగ్గర కూర్చోబెడితే, పాలన్నీ పొంగిపోయాక వచ్చి "పొంగాయి వదినా" అని చెప్పాడు. ఆ సంగతి ఆమెకు ఆ క్షణంలో గుర్తు రాకపోవడం ఆమె దురదృష్టం.

మెయిన్ గేటు దగ్గర డీన్‌గారు స్వాగత ద్వారం కట్టిస్తున్నారు. అది గేటు కన్నా వెడల్పయింది. లోపలికీ పోక, బయటికీ రాక, గేటుకు అడ్డంగా ఇరుక్కుపోయింది. అనుకున్న దానికన్నా చాలా ముందే వచ్చిన దాతగారి డ్రైవరు, దాన్ని దూరం నుంచే చూసి కారు వెనక్కి తిప్పాడు. చుట్టూ తిరిగి వెనక గేటు దగ్గర ఆయన్ని దింపి, నీడ వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. దాతగారు నీళ్ల పంపుల కంపెనీ పెద్దమనిషి. మోకాళ్ల నొప్పులు, చేతిలో కర్ర. ఎదురుగా తెరిచి ఉన్న తలుపు కనిపిస్తే మెట్లు దిగి నేరుగా కేంద్రంలోకి వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూలబడ్డాడు.

"బాబూ, పంపుల కంపెనీ నుంచి వచ్చాను. డీన్‌గారి గది ఎక్కడ?"

మరిదికి ఆయనెవరో అర్థమైంది. కానీ వదిన మాట వదిన మాటే.

"డీన్‌గారి గది గురించి మీకు ఇప్పటికే ఏం తెలుసు సార్?"

"ఏమీ తెలియదు. అందుకే కదా అడుగుతున్నాను."

"మంచిది సార్. తెలియనిదేమిటో కనుక్కున్నారు. అది మొదటి మెట్టు."

దాతగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, పక్క బల్ల దగ్గరున్న వ్యాసాల ట్యూటరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా చెప్పు." ఆమె మరిది వైపు ఒకసారి చూసి, "మీ ప్రశ్నను ఇంకొంచెం స్పష్టంగా ఎలా అడగొచ్చంటారు?" అంది. తన కంపెనీలో నోరు తెరిస్తే పదిమంది పరిగెత్తుకొచ్చే మనిషికి ఇది కొత్త. ఇప్పుడు లేచి వెళ్లిపోతే ఓడిపోయినట్టవుతుందని అనిపించింది కాబోలు, కర్ర కాళ్ల మధ్య పెట్టుకుని గట్టిగా సర్దుకు కూర్చున్నాడు.

అక్కడ గేటు దగ్గర పది దాటింది. దాతగారి జాడ లేదు. ఆయనకు ఫోను చేస్తే, కారులో ఉండిపోయిన ఆ ఫోను డ్రైవరు ఎత్తి "ఎప్పుడో దింపేశానండీ" అన్నాడు. ఎక్కడ దింపావని అడిగేలోపు ఫోను చార్జింగు అయిపోయింది. కోఆర్డినేటరమ్మ మరిదికి ఫోను చేసింది.

"పెద్దాయన అక్కడికి గానీ వచ్చారా?"

"మీకెందుకలా అనిపించింది వదినా?"

"నీ పరాచికాలకు ఇదా సమయం? వచ్చారా, లేదా?"

"రాకపోతే ఎక్కడికి వెళ్లుండొచ్చో ఒక్కొక్కటే ఆలోచించండి."

ఎవడో మొద్దు విద్యార్థి ఎదురుగా ఉన్నట్టున్నాడు, ఆ ధోరణిలోనే తనతోనూ మాట్లాడుతున్నాడు అనుకుని ఆమె ఫోను పెట్టేసింది. అతను చెప్పినట్టే ఒక్కొక్కటే ఆలోచించింది. కళ్లు తిరిగి పడిపోయి ఉండొచ్చు. కోపమొచ్చి వెళ్లిపోయి ఉండొచ్చు. లిఫ్టులో ఇరుక్కుని ఉండొచ్చు. ఆలోచించినకొద్దీ గుండె దడ పెరిగింది తప్ప దాతగారు దొరకలేదు.

డీన్‌గారు ఆలోచించే రకం కాదు. ఆయన పంపుల కంపెనీకి ఫోను చేసి ఆనవాళ్లు కనుక్కుని మైకు అందుకున్నాడు. "తెల్ల చొక్కా, కళ్లజోడు, చేతికర్ర గల పెద్దమనిషి ఎక్కడ కనిపించినా మర్యాదగా పట్టుకుని నా గదికి తీసుకురావలెను" అని ప్రకటించాడు. కాసేపటికి సెక్యూరిటీవాళ్లు ఒక పెద్దాయన్ని రెండు చేతులూ పట్టుకుని మర్యాదగా తెచ్చారు. దాతగారితో ఫోనులో మాట్లాడటమే తప్ప డీన్‌గారు గానీ, కోఆర్డినేటరమ్మ గానీ ఆయన్ని ఎన్నడూ చూడలేదు. డీన్‌గారు వెంటనే పూలగుత్తి ఇచ్చి, ఉపన్యాసం చదివి, "మా పిల్లల చదువుకు మీ అండ ఉంటుందని ఆశిస్తున్నాం" అన్నాడు.

"తప్పకుండా. ఎంతైనా ఇది నేను పనిచేసిన చోటు" అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ. "రిటైరయ్యాక ఒక్కరూ పలకరించలేదు. ఈ రోజు పుస్తకం తిరిగిచ్చి పోదామని వస్తే ఇంత గౌరవం."

అప్పటికే ఆనందంతో సగం ఏడ్చేసిన కోఆర్డినేటరమ్మ, మిగతా సగం వేరే కారణానికి ఏడ్చింది. ఆయన ఒకప్పుడు ఇక్కడే వృక్షశాస్త్రం చెప్పిన మేష్టారు. పూలగుత్తి వెనక్కి అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఈలోగా సెక్యూరిటీవాళ్లు మరో ఇద్దరు చేతికర్ర పెద్దమనుషుల్ని తెచ్చారు. ఒకాయన మనవరాలి ఫీజు కట్టడానికి వచ్చినవాడు, వరసలో తన వంతు పోయిందని అరుస్తున్నాడు. యూనివర్సిటీ డాక్టరు స్ట్రెచరుతో దిగాడు. ఎవరికోసమని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. కోఆర్డినేటరమ్మ మాత్రం అది తనకైతే బాగుండునని అనుకుంది.

చివరికి వెతకని చోటు ఒక్క కేంద్రమే మిగిలింది. ఆమె ముందు, డీన్‌గారు వెనక, సెక్యూరిటీ, స్ట్రెచరు ఆ వెనక, అందరూ మెట్లు దిగి లోపలికి దూసుకుపోయారు.

కుర్చీలో ఉన్న చేతికర్ర పెద్దమనిషి చెయ్యెత్తి ఆపాడు. "నెమ్మది. అమ్మాయి ఆలోచిస్తోంది."

ఆయన ఎదురుగా ఒక విద్యార్థిని లెక్క ముందు తల పట్టుకుని కూర్చుంది. ఏడ్చిన ఛాయలు ముఖం మీద ఇంకా ఉన్నాయి. మరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఉన్నట్టుండి కలం అందుకుని, గబగబా రాసి, తల ఎత్తి "వచ్చేసింది. నేనే చేశాను" అంది. ఆ మాట ఎవరితో అందో ఆమెకే తెలియదు.

కోఆర్డినేటరమ్మ చేతులు జోడించింది. "క్షమించండి సార్. మావాళ్లు మీకు దారి కూడా చెప్పకుండా..."

"ఒక్క జవాబు కూడా చెప్పలేదు వదినా" అన్నాడు మరిది, నిశ్చింతగా. ఆమెకు అతన్ని అక్కడే నిలువునా పాతెయ్యాలనిపించింది.

"నేనెందుకు ముందే వచ్చానో తెలుసా అమ్మా?" అన్నాడు దాతగారు. "కాదని చెప్పడానికి. జవాబులు అప్పజెప్పే ట్యూషన్లకు నా డబ్బెందుకని ఇంట్లోనే నిర్ణయం చేసుకున్నాను. డీన్‌గారికి ఆ మాట ముఖాముఖి చెప్పేసి వెళ్లిపోదామని వచ్చాను. ఈ అబ్బాయి దారి చెప్పుంటే ఈపాటికి ఇంట్లో ఉండేవాణ్ణి." ఒక్క క్షణం ఆగి, ఆ అమ్మాయి కాగితం వైపు చూశాడు. "నాకు ఆ లెక్క తెలుసు. మూడుసార్లు నోటిదాకా వచ్చింది. ఈ అబ్బాయి నన్ను చెప్పనివ్వలేదు. మా కంపెనీలో ఇన్నేళ్లూ జవాబులన్నీ నేనే చెప్పాను, అందుకే అక్కడ ఎవరికీ ఏమీ రాదు. పై అంతస్తు తీసుకోండి. ట్యూటర్లు ఎంతమంది కావాలో అంతమందినీ పెట్టుకోండి."

కోఆర్డినేటరమ్మ అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుని, ఈసారి ఏ కారణమూ వెతుక్కోకుండా ఏడ్చింది. మరిది గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

పై అంతస్తు పని మొదలైన రోజున ఆమె కాంట్రాక్టరును ప్రత్యేకంగా పిలిపించి, డీన్‌గారి గదికి దారి చూపే బోర్డు ఎక్కడా పెట్టవద్దని చెప్పింది.