కుంచించుకోని బట్ట

అల్లిక బట్ట నీళ్లలో పడితే ఎంత కుంచించుకుంటుందో, అలా దగ్గరపడి మీటరుకి ఎంత బరువెక్కుతుందో, ఆ బట్టను అల్లకముందే చెప్పేసే విభాగం ఒకటి మిల్లులో వెలసింది. దానికి అధిపతి మన కథలోని ఇల్లాలి భర్త. మొదటి అంచనా నిజమైతే ఉద్యోగం ఖాయం. తప్పితే ఇంట్లో కూర్చుని ఆవిడ వంటకు వంకలు పెట్టడమే. కాబట్టి అది నిజం కావలసిన అవసరం ఆయనకన్నా ఆవిడకే ఎక్కువ.

విధానం సులువు. నమూనా ముక్కలు అల్లించి, జనం ఉతికినట్టే మొరటుగా ఉతికి, ఆరాక కొలిచి తూచాలి. మిల్లులో ఉతికే యంత్రం మొరాయించింది గనుక ముక్కలు ఇంటికొచ్చాయి.

"ఊరికే ఉతికి ఆరెయ్యవోయ్. ఇంకేం చెయ్యకు."

"డిగ్రీ చదివినదాన్ని, ఆమాత్రం తెలీదా!"

ఉతికింది. ముక్కలు ముడుచుకుపోయి మొహం మాడ్చుకున్నాయి. పదిమంది చూసే బట్టను అలా పంపితే ఇంటి పరువేం కాను? నాలుగు మూలలూ పట్టి లాగి, నీళ్లు చిలకరించి, ఇస్త్రీ చేసి మరీ పంపింది.

మిల్లులో కొలిచారు, తూచారు. కుంచించుకున్నదీ లేదు, బరువెక్కిందీ లేదు. "ఇది బట్ట కాదు, క్రమశిక్షణ!" అని మేనేజరుగారు సభ పెట్టి ప్రసంగించారు. ఆ అంకెలతో సూత్రం తయారైంది. సూత్రాన్ని నమ్మి లారీలకొద్దీ టీషర్టులు తయారయ్యాయి. మొదటి ఉతుకుకే అవన్నీ బొడ్డు పైకి చేరాయి.

"ఏమోయ్, ఆ ముక్కలు ఇస్త్రీ గానీ చేశావా?" అన్నాడాయన, నెత్తిన చెయ్యి పెట్టుకుని.

"ఇస్త్రీ లేకుండా మనింటి బట్ట గడప దాటిందెప్పుడండీ?"

ఫిర్యాదులు స్వీకరించడానికి ఒక కమిటీ, దానికో గది, గదికో గుమాస్తా సిద్ధమయ్యారు. ఒక్క ఫిర్యాదూ రాలేదు. విచారించగా తేలిందేమిటంటే, కొన్నవారంతా అద్దం ముందు నిలబడి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, తప్పు తమదేనని ఒప్పేసుకున్నారట. కొందరు రాత్రి భోజనం కూడా మానేశారట. సూత్రం అక్షరాలా సరైనదని కమిటీ తీర్మానించింది. ఆయన ఉద్యోగం ఖాయమైంది.

ఆ సంతోషంలో మిల్లువారు దంపతులకు చెరో టీషర్టు బహూకరించారు. ఆవిడ ఉతికి తొడుక్కుంది. అది నడుము దాకా వచ్చి ఆగిపోయింది. ఆ బట్ట జాతకం ఆవిడకు తెలిసినంతగా లోకంలో మరెవరికీ తెలియదు. అయినా అద్దంలో అటు తిరిగి, ఇటు తిరిగి, నిట్టూర్చింది.

"ఏమండీ, రేపట్నుంచి నా టీలో చక్కెర బంద్."

"నాక్కూడా," అన్నాడాయన, తన టీషర్టు కిందికి లాక్కుంటూ.

ఇంతవరకూ చదివినవారు పొట్ట వదిలేయవచ్చు. ఇక్కడెవరూ కొలవడం లేదు.