బొంత మీదికి వచ్చిన స్వామి

ఆ ఆదివారం పొద్దున ఉరుకుందమ్మ తలపెట్టిన పని ఒక్కటే. మొగుడి బొంతను పొద్దుగూకేలోగా ముగించాలి.

కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు అది. కర్నూలుకు రాజధాని వచ్చింది గానీ కోసిగికి వాన రాలేదు. జొన్న మోకాలెత్తు లేచి, నిలబడినచోటే ఎండిపోయింది. బేతంచెర్ల నాపరాళ్ల గనుల్లో పని ఉందని మేస్త్రీ ప్రేమయ్య వచ్చి చెబితే, ఉరుకుందమ్మ మొగుడు కాశన్న వస్తానన్నాడు. సోమవారం తెల్లవారి రైలు. దానికి అందనివాడి చోటు మరొకడిది.

కాశన్న కిందటి చలికాలమూ పోయాడు, పలచని దుప్పటి ఒకటి భుజాన వేసుకొని. రాతి మీద పడుకొని పడుకొని, వచ్చేటప్పుడు దగ్గు తెచ్చుకున్నాడు. అది ఎండాకాలం దాకా ఆ ఇంట్లోనే కాపురముంది. పక్కన పడుకొని ఆ దగ్గు విన్న మనిషి ఉరుకుందమ్మ. ఈసారి బొంత లేకుండా గడప దాటనివ్వగూడదని మనసులో గట్టిగా అనుకుంది. పైకి అనలేదు. అంటే కాశన్న నవ్వుతాడు.

వాళ్ల వీధిలో బొంత ఒక్కరు కుట్టరు. పాతచీరలు పొరలు పొరలుగా పరిచి, నాలుగు మూలలా నలుగురు కూర్చుంటారు. అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తారు. చూసేవాడికి చేను దున్నుతున్నట్టే ఉంటుంది. సాలు పక్కన సాలు, ఎక్కడా వంకర పోదు. కొలిచేదీ లేదు, గీత గీసేదీ లేదు. ఆ చేతులకు ఆ దారి ఎవరు చెప్పారో తెలియదు.

ఆ పొద్దు ఒక మూల ఉరుకుందమ్మ కూర్చుంది. రెండో మూల సిద్దమ్మ. వీధిలో పెద్దామె, దేవుళ్ల సంగతుల్లో ఆమె మాటకు ఎదురు లేదు. మూడో మూల పక్కింటి బసమ్మ, సూది కన్నా నోరు జోరు. నాలుగో మూల ఎదురింటి ఓబులమ్మ. అడిగితే తప్ప పలకదు, అడిగినా అన్నిసార్లూ పలకదు. నలుగురూ మూడొంతుల బొంత కుట్టి, ఇంత సంగటి తిని వద్దామని లేచారు. తిరిగి వచ్చేసరికి బొంత నడిమధ్య ఒక కుక్క పడుకొని ఉంది.

నల్లకుక్క. ఊరిది కాదు. ఒళ్లు బరువుగా ఉంది. తల నిలబెట్టి, వీళ్లే తన ఇంటికి వచ్చినట్టు చూసింది.

బసమ్మ చీపురు అందుకుంది. సిద్దమ్మ ఆ చేయి పట్టుకొని ఆపింది.

"ఈ పొద్దు ఏం వారమే?"

"ఆదివారమత్తా."

"కుక్క ఏం రంగు?"

"నలుపు."

"దాని నొసట ఏముండాదో చూడు."

చూశారు. నొసట పసుపు ఉంది. బసమ్మ చేతిలో చీపురు దానంతట అదే కిందికి జారింది.

మైలారలింగస్వామికి ఆదివారం మొక్కులు, పసుపు భండారం, వెంట కుక్క. ఆ పక్క పల్లెల్లో పాలు తాగే బిడ్డలకు కూడా తెలిసిన సంగతి ఇది. సిద్దమ్మ చెంపలు వేసుకుంది. ఉరుకుందమ్మా, బసమ్మా వేసుకున్నారు. ఓబులమ్మ కుక్కను తల నుంచి తోక దాకా ఒకసారి చూసి, తానూ వేసుకుంది.

ఉరుకుందమ్మకు భయమూ వేసింది, దిగులూ వేసింది. స్వామి తన బొంతను వెతుక్కుంటూ రావడం చిన్న భాగ్యం కాదు. కానీ రైలు పొద్దున్నే. స్వామిని తాకకుండా చుట్టూ కుట్టుకోవచ్చునా అని మెల్లగా అడిగింది. సిద్దమ్మ చాలాసేపు ఆలోచించి, సూది మొన స్వామి వైపు చూపకుండా కుట్టుకుంటే తప్పు లేదంది.

అట్లా కుట్టడం ఎంత కష్టమో కుట్టినవాళ్లకే తెలియాలి. నలుగురూ ఊపిరి బిగబట్టి, సూదిని తమ వైపుకే లాక్కుంటూ, జానెడు జానెడు లోపలికి వచ్చారు. కుక్క కాలు చాపితే నాలుగు చేతులూ ఆగేవి. ముడుచుకుంటే మళ్లీ కదిలేవి. చివరకు కుక్క ఎంత ఉందో అంత చోటు మాత్రం నడిమధ్య మిగిలింది. దాని చుట్టూ కుట్టు, నీళ్లలో రాయి వేస్తే అలలు లేచినట్టు వరుసలు వరుసలుగా నిలబడింది. అంత చక్కని పని తామెప్పుడూ చేయలేదని వాళ్లకే అనిపించింది.

దారం అయిపోయిందని బసమ్మ బయటికి పోయింది. తిరిగి వచ్చేసరికి దారం లేదు గానీ, ఆమె వెనకాల వీధంతా ఉంది. గిన్నెలో పాలు వచ్చాయి, బెల్లం వచ్చింది, కొబ్బరికాయలు వచ్చాయి. కుక్క అన్నీ స్వీకరించింది. కొబ్బరి కూడా తిన్నది. అది చూసి నమ్మనివాళ్లు కూడా నమ్మారు.

కాశన్న వచ్చి, జనాన్ని తోసుకొని లోపలికి తొంగి చూశాడు. ఉరుకుందమ్మ సంగతి చెప్పింది. అతడు నవ్వి, బొంత తనది గనుక తాను చెబితే లేస్తుందన్నాడు. నాలుక చప్పరించి పిలిచాడు. తర్వాత బొంత అంచు పట్టి చిన్నగా లాగాడు. కుక్క గొంతులో నుంచి గుర్రుమని ఒక మోత వచ్చింది. బండరాళ్లు దొర్లినట్టుంది. కాశన్న చేయి వదిలేశాడు. జనం గోడకు అంటుకున్నారు.

"పోవద్దంటాండాడు స్వామి," అంది బసమ్మ, గొంతు తగ్గించి.

"యాడికి?" అన్నాడు కాశన్న.

"ఇంగ యాడికప్పా. బేతంచెర్లకు."

ఆ ఒక్క మాట చాలు. వీధి మొదట్లో అది కాశన్నను పోవద్దన్న మాట. వీధి చివరకు చేరేసరికి ఎవరూ పోవద్దన్న మాట. బావి దగ్గర నీళ్లు తోడేవాళ్లకు తెలిసేటప్పటికి గని కూలబోతున్నది. పోయిన ఏడాది కాశన్నకు పట్టిన దగ్గు కూడా స్వామి ముందుగా చేసిన హెచ్చరికేనని ఎవరో అన్నారు. మూటలు కట్టుకున్నవాళ్లు విప్పుకోవడం మొదలుపెట్టారు.

మేస్త్రీ ప్రేమయ్య పరుగున వచ్చాడు. తిట్టడానికే వచ్చాడు. కానీ కుక్కను చూడగానే ముందు దండం పెట్టి, ఆ తర్వాత ఏం తిట్టాలో మరచిపోయాడు. మనుషులు రాకపోతే గని యజమాని తనను వాకిట్లోకి కూడా రానివ్వడని, స్వామినే ఒక మాట అడిగి చూడమని జనాన్ని బతిమాలాడు. స్వామిని అడగగలిగినవాడు ఊళ్లో ఒక్కడే. మైలారలింగడి దీక్ష పట్టిన గొరవయ్య రామప్ప.

రామప్ప నల్ల కంబళి కప్పుకొని, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకొని, చేత డమరుకంతో వచ్చాడు. జాతరలో స్వామి కుక్కగా మొరిగి, మరిగెలో, అంటే కొయ్యగిన్నెలో, పెట్టింది చేతులతో తాకకుండా తినే మనిషి. ఆ మొరుగుడు వింటే నిజం కుక్కలు జవాబు చెప్పేవి. అతడు బొంత అంచున మోకాళ్ల మీద కూర్చొని మొరిగాడు. కుక్క అతణ్ణి పైనుంచి కింది దాకా చూసి, మొహం పక్కకు తిప్పుకుంది. జనం నిట్టూర్చారు. స్వామికి కోపం వచ్చింది.

"స్వామీ, మీ బిడ్డలు కూలికి పోవల్ల. పోవచ్చునా, పోగూడదా?" అని రామప్ప అడిగాడు.

కుక్క రొప్పింది. రామప్ప మళ్లీ అడిగాడు. కుక్క లేచి, గుండ్రంగా తిరిగి, మళ్లీ కూలబడింది. మూడోసారి అడిగేసరికి దాని ఒళ్లంతా వణికింది. కళ్లు తేలవేసింది. పూనకమొచ్చిందని సిద్దమ్మ అంటే వీధి వీధంతా చేతులు జోడించింది. పసిబిడ్డ కూడా ఏడవలేదు. అంత నిశ్శబ్దం ఆ ఊరు ఎండిన చేల దగ్గర తప్ప వినలేదు.

ఆ నిశ్శబ్దంలో, అందరూ చూస్తుండగా, స్వామి ఒక పిల్లను కన్నది.

వెనకనే రెండోది వచ్చింది. జోడించిన చేతులు ఎట్లా దించుకోవాలో ఎవరికీ తెలియలేదు. రామప్ప డమరుకం కింద పెట్టి, టోపీ సర్దుకున్నాడు.

"నేను పొద్దున్నే చూసినా," అంది ఓబులమ్మ. ఆ రోజుకు అదే ఆమె మొదటి మాట.

సిద్దమ్మ ఆమె వైపు తిరిగింది. "చూసి చెప్పలేదేమే?"

"ఎవరడిగినారత్తా?"

ప్రేమయ్యకు ప్రాణం లేచి వచ్చింది. స్వామి వెంట నడిచేది మగకుక్కే గదా అని రామప్పను గుచ్చి గుచ్చి అడిగాడు. రామప్ప నేల చూస్తూ, అవునన్నాడు. అయితే ఇది స్వామి మాట కాదు, గని కూలేది లేదు అని ప్రేమయ్య అరుగెక్కి చెప్పాడు. విప్పిన మూటలు మళ్లీ కట్టడానికి మగవాళ్లు ఇళ్లకు తిరిగారు.

ఆడవాళ్లు మాత్రం కదలలేదు. వింత ఏమిటంటే, దేవుడని వేలు కూడా పెట్టనివాళ్లు బాలింత అని తెలియగానే కొంగులు దోపారు. ఒకామె వేణ్నీళ్లు పెట్టింది. ఒకామె రాగిగంజి కాచింది. సిద్దమ్మ మగపిల్లలందరినీ వాకిట్లో నుంచి తరిమింది. ఇంతలో గొర్రెల కాపరి పెద్ద ఈరన్న కుక్కను వెతుక్కుంటూ వచ్చాడు. ఊరి బయట బొజ్జన్న చేలో మంద కట్టుకొని ఉన్నాడు.

"మంద కాడ అంతా గులకరాళ్లప్పా. మెత్తని చోటు చూసుకొని ఈడికొచ్చినట్టుండాది," అన్నాడు. నొసట పసుపు గురించి అడిగితే, కంపముల్లు గీసుకుంటే తన భార్య అద్దిందన్నాడు.

బొంతను కదిలించడం మాత్రం కుదరదని సిద్దమ్మ తేల్చింది. పురుడు జరిగిన చోటు నుంచి బాలింతను లేపడం ఎక్కడా లేదు. లేపినా, ఆ బొంత ఉతికి ఆరేసరికి రైలు బేతంచెర్ల పోయి మళ్లీ వస్తుంది.

కాశన్న కుక్కపిల్లలను చూసి నవ్వుతూ అన్నాడు. "పోనీలే ఉరుకుందీ. పాత దుప్పటి ఉండాది గదా."

ఉరుకుందమ్మ పొద్దున్నుంచీ చేతిలో పట్టుకున్న సూదిని రవికకు గుచ్చుకొని, లేచి నిలబడింది.

"స్వామి చెప్పలేదు గదా. నేను చెప్తాండా. దుప్పటితో అయితే పోవద్దు."

గట్టిగా అనలేదు. అయినా వీధి మలుపు దాకా వినబడింది. కాశన్న నవ్వు మొహం మీదే ఆగిపోయింది. తన దగ్గును ఆమె కూడా ఇన్నాళ్లూ మోసిందని అతనికి అప్పుడే తెలిసినట్టుంది. పోయి అరుగు మీద కూర్చున్నాడు.

సిద్దమ్మ ఇంటికి పోయి, పెట్టె అడుగున దాచుకున్న చీర ఒకటి తెచ్చి వాకిట్లో పరిచింది. పొద్దున చీపురును ఆపిన చేయి ఆమెదే. దాని మీద బసమ్మ చీర పడింది, ఓబులమ్మ చీర పడింది, కొబ్బరికాయలు కొట్టిన వాళ్ల చీరలన్నీ పడ్డాయి. పెద్ద ఈరన్న తన భుజాన ఉన్న గొర్రెబొచ్చు కంబళి తీసి, నడిమి పొరగా వేయమన్నాడు. ఆ పొద్దు మూలలు లెక్కపెట్టలేదు. ఖాళీ దొరికిన చోటల్లా ఒక ఆడమనిషి కూర్చుంది. సూదులు మునిగి లేస్తుంటే, వాలే ఎండలో చెరువులో చేపలు ఎగిరినట్టుంది. బసమ్మకు కూడా ఆ పొద్దు నోటి కన్నా సూదే జోరుగా నడిచింది. అరుగుల మీద మగవాళ్లు, పొద్దున కుక్క ముందు నిలబడినట్టే, చేతులు కట్టుకొని చూస్తూ నిలబడ్డారు. పొద్దు గుంకకముందే బొంత ముగిసింది.

మర్నాడు రైలుకు కాశన్న మూట ఒక్కటే ఇద్దరు మనుషులంత ఉంది. ఎండలు ముదిరాక ఇంటికి వచ్చినప్పుడు అతని వెంట రాతిదుమ్ము వచ్చింది గానీ దగ్గు రాలేదు.

కుక్కపిల్లలు కళ్లు తెరిచి నాలుగు దిక్కులా తిరగడం నేర్చాక, గొరవయ్య రామప్ప వచ్చి తనకొకటి కావాలన్నాడు. ఈసారి ఒక్కొక్కదాన్నీ వెల్లకిలా తిప్పి చూసుకొని మరీ తీసుకున్నాడు.