కంచుకంఠంగారి పొట్ట

ఆ ఉదయం కంచుకంఠంగారి పథకం చాలా చిన్నది. రేడియో స్టేషనుకు వెళ్లాలి, పీచు పదార్థాల గురించి డాక్టరమ్మతో అరగంట ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడాలి, డైరెక్టరుగారిని మెప్పించి, ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద వేలాడుతున్న ఉద్యోగాన్ని పర్మనెంటు చేయించుకోవాలి. ఆయన అసలు పేరు స్టేషన్లో అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ఆయన మాత్రం తన గొంతును ఒక్క క్షణం కూడా మరిచిపోరు. ఇంట్లో ఉప్పు అడిగినా వార్తలు చదివినట్టే అడుగుతారు.

బుద్ధెరిగాక ఆయన పీచున్న వస్తువేదీ ఇష్టంగా తిన్న పాపాన పోలేదు. మైదా బ్రెడ్డు, బిస్కట్లు, వేపుళ్లు, అంతే. కానీ అనుభవంతో మాట్లాడితే గొంతు పలికే తీరే వేరని ఆయన నమ్మకం. అందుకని ఇన్నేళ్లుగా తినాల్సిన పీచునంతా ఒక్క పూటలో తినేయడానికి కూర్చున్నారు. ఉడికించిన శనగలు, చిక్కుడు గింజలు, తొక్కతో సహా ఆపిల్ పళ్లు, పైన గిన్నెడు గోధుమ పొట్టు.

"అలవాటు లేని పొట్ట. కొంచెం కొంచెంగా పెంచుకోవాలండీ. కనీసం నీళ్లన్నా తాగండి," అంది భార్య.

"నీళ్లు తాగితే ప్రసారం మధ్యలో లేవాల్సొస్తుంది. రేడియో గురించి నాకు చెప్తావా?"

"రేడియో గురించి కాదు, పొట్ట గురించి చెప్తున్నా."

ఆయన విననట్టు గిన్నె ఖాళీ చేసి బూట్లు తొడుక్కున్నారు.

స్టూడియోలో డాక్టరమ్మ ఎదురుగా కూర్చుంటుండగా పొట్ట మొదటిసారి మాట్లాడింది. అద్దం అవతల ఇంజనీరు హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు.

"సార్, ఏదో గుర్రుమంటోంది. మైకు తేడా చేసిందంటారా?"

నిజం చెబితే పరువు పోతుంది. "నాకూ అదే అనుమానం," అన్నారు కంచుకంఠంగారు.

మైకు మార్చారు. గుర్రు పోలేదు. వైర్లు పీకి కొత్తవి వేశారు, అయినా పోలేదు. ఫ్యాను ఆపారు, ఆ తర్వాత ఏసీ కూడా ఆపారు. గదిలో సడి తగ్గేకొద్దీ పొట్ట మరింత స్పష్టంగా, ఉచ్చారణ దోషం లేకుండా వినిపించసాగింది. డాక్టరమ్మ చెమటలు తుడుచుకుంటున్నారు. ఇంజనీరు బల్ల కింద దూరి ఎక్కడ ఏది వదులైందోనని వెతుకుతున్నాడు. ఈ హడావిడికి డైరెక్టరుగారే దిగివచ్చారు.

"ఇంకాసేపట్లో ప్రసారం పెట్టుకుని ఏంటయ్యా ఈ శబ్దం? ఎక్కణ్ణించి?"

పర్మనెంటు ఉద్యోగం గాల్లో కలిసిపోతున్నట్టు కంచుకంఠంగారికి కనిపించింది. ఆ భయంలో ఆయన చేయకూడని పని చేశారు. డాక్టరమ్మ వైపు కళ్లతో సైగ చేసి, "పాపం, ఆవిడ పొద్దున్నించీ ఏమీ తిన్నట్టు లేదండీ. నలుగురిలో అడిగితే బాగోదు," అని గుసగుసలాడారు. ఆయన గుసగుస అంటే వీధి గుమ్మం దాకా వినిపిస్తుంది. డాక్టరమ్మకు అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. ఆవిడ మైకు దగ్గరికి జరిగారు. ప్రసారం మొదలైనట్టు ఎర్రలైటు వెలిగింది.

"శ్రోతలకు నమస్కారం," అన్నారు కంచుకంఠంగారు.

గుర్ర్ర్, అంది పొట్ట.

"ఇప్పుడు మీరు విన్నది మన వ్యాఖ్యాతగారి పొట్ట," అన్నారు డాక్టరమ్మ తియ్యగా. "పొద్దున ఏం తిన్నారో ఆయనే చెప్తారు. చెప్పండి సార్."

రేడియోలో మౌనాన్ని మించిన నేరం లేదు. ఆయన శనగలతో మొదలుపెట్టి గోధుమ పొట్టు దాకా అన్నీ ఒప్పుకున్నారు.

"నీళ్లు?"

"తాగలేదండీ."

గుర్ర్ర్.

"విన్నారుగా? పీచు మంచిదే. మలబద్ధకం రానివ్వదు. తిన్న చక్కెర ఒక్కసారిగా రక్తంలో కలవకుండా చూస్తుంది. పేగుల్లో మనకు మేలు చేసే సూక్ష్మజీవులకు తిండి అదే. కానీ వాటికి అలవాటు లేకుండా ఒకేసారి ఇంత విందు పెడితే ఇలా గ్యాసు పుట్టిస్తాయి. అందుకే రోజూ కాస్త కాస్త పెంచుకోవాలి, నీళ్లు బాగా తాగాలి. ఈ మాట మీకు ఇంట్లో ఎవరూ చెప్పలేదా సార్?"

"చెప్పారండీ," అన్నారాయన. గొంతులో కంచు ఎక్కడా లేదు.

అరగంటా అలాగే సాగింది, ఆవిడ చెప్పడం, పొట్ట ఔననడం. ఉద్యోగానికి నీళ్లొదులుకుని ఆయన తలవంచుకుని బయటికొచ్చేసరికి టెలిఫోన్లు మోగిపోతున్నాయి. డైరెక్టరుగారు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నారు.

"అదరగొట్టావయ్యా! జనం మళ్లీ ఎప్పుడని అడుగుతున్నారు. నీ ఉద్యోగం పర్మనెంటు!"

కంచుకంఠంగారి ఛాతీ పొంగింది. "నా గొంతు అంత నచ్చిందాండీ?"

"గొంతు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇకనించీ మాట్లాడేది డాక్టరుగారే. ఆవిడ ఏ బాధ గురించి చెప్తే ఆ బాధ పడుతూ నువ్వు ఎదురుగా కూర్చో, చాలు."

వచ్చే వారం అంశం తుమ్ములు. ఆయన బల్ల మీదికి మిరియాల పొడి అప్పుడే వచ్చేసింది.